మూడు కొబ్బర్ల స్టాపు

ఊరికి తీసుకెళ్లే బస్సు ఇంకా కాశీబుగ్గ దాటనే లేదు. నిస్సీ ఫోను తీసి చూడడం, బ్యాగులో పడేయడం, పడేసిన చెయ్యి అక్కడే ఉంచుకోవడం ఎన్నిసార్లయిందో, పక్కన కూర్చున్నావిడ కూడా గమనించే ఉంటుంది, గమనించనీ. సాయంత్రంలోగా తేల్చాలి. నిరూపించడమో వెనక్కి తీసుకోవడమో, మూడో దారి లేదమ్మా, అని పొద్దున్న విశాఖపట్నం ఆఫీసు నుంచి యుగంధర్ గారు ఫోను చేశారు. టీము లీడరు ఆయన. మంచిగానే చెప్పారు, కసిరినా బావుండేది, మనసులోనైనా తిరిగి తిట్టుకునే వీలుండేది. అంత మంచిగా చెప్పేసరికి సరేనండీ అనేసింది. సరేనండీ ఏమిటి, ఏం సరే? ఉద్యోగంలో చేరాక ఎవరూ వేలు పెట్టి చూపించకుండా తనంతట తాను పట్టుకున్న మొదటి తప్పు అది. వెనక్కి తీసుకుంటున్నానని తన చేత్తోనే రాసేస్తే రేపు ఇంకేం పట్టుకున్నా, ఓ, ఆ అమ్మాయా, అంటారు. అనుకుంటే అనుకోనీ, దానికంటే పెద్ద బాధ ఇంకొకటుంది, ఆ తప్పు అక్కడే ఉండిపోతుంది, అందరి జేబుల్లోనూ. కిటికీలోంచి జీడిపిక్కలు కాల్చిన కమురు వాసన. పలాసలో ఎవరికి ఏ దిగులున్నా ఈ వాసన మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. అమ్మ చీరలోనూ ఇదే వాసన, జీడిపప్పు మీది పొట్టు వలిచి వలిచి ఇంటికొచ్చాక ఎంత ఉతికినా పోదు, చిన్నప్పుడు ఆ కొంగు ముఖం మీద కప్పుకుంటే తప్ప నిద్రపట్టేది కాదు తనకి. ఇప్పుడు ఆ కొంగు ఉంటే బావుణ్ను.

లైబ్రరీలో తప్పు దొరికిందమ్మా అని చెబితే అమ్మ నయోమి, చదివిన పుస్తకం తిరిగివ్వలేదేమో, ఎల్లి ఇచ్చీయ్, అంది. నవ్వొచ్చింది గానీ అమ్మ అన్నది మరీ అంత తప్పేం కాదు. ఇది పుస్తకాలది కాదు, ప్రోగ్రాములన్నీ ఉమ్మడిగా వాడుకునే పనిముట్ల పెట్టె. ఈ బస్సులో ఉన్న ప్రతి ఫోనులోనూ ఉంది. ముందు సీట్లో ఖాళీ చేపల గంప కాళ్ల మధ్య పెట్టుకుని వీడియో చూస్తున్న ఆవిడ ఫోనులో ఉంది, డ్రైవరు ఎదురుగా అద్దానికి ఆనించుకున్న ఫోనులో ఉంది, ఉందని వాళ్లకి తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. ఫైలు తెరవాలంటే అది మెమరీలో కాస్త చోటు అడిగి తీసుకుంటుంది, మూసేటప్పుడు ఆ చోటు తిరిగి ఇచ్చేస్తుంది. ఇచ్చేసిన చోట్లోకి రెప్పపాటులో ఇంకొకరు దిగిపోతారు. ఆ తర్వాత పాత చిరునామా పట్టుకుని వెళ్లి మా ఇల్లే కదా అని మళ్లీ తాళం తిప్పితే, లోపల ఎవరున్నారో ఎవరికి తెలుసు? అమాయకుడుంటే గొడవై ప్రోగ్రాము కుప్పకూలుతుంది, పోతే పోయింది. దొంగ ఉంటేనే భయం, వాడు కావాలనే అక్కడ కూర్చుని ఎవరొస్తారా అని చూస్తుంటాడు. మూసినదాన్నే మళ్లీ మూస్తే ఈ లైబ్రరీ ఆ పాత చోటుకే వెళ్లి తాళం తిప్పుతోంది. తన కళ్లతో చూసింది. చూసింది కదా? ఏమో, ఇంతమంది ఇన్నిసార్లు కాదంటే కళ్లు కూడా తమని తాము నమ్ముకోవు.

లైబ్రరీని చూసుకునేది ఎక్కడో చలి దేశంలో ఉన్న ఒక పెద్దాయన. జీతం లేదు, ఖాళీ ఉన్నప్పుడు చేసుకునే పని, ఏళ్ల తరబడి లోకమంతా ఆయన భుజం మీద నడుస్తోంది, ఆ మనిషి మీద కోపం ఎలా వస్తుంది? తను పంపిన రిపోర్టుకి మర్యాదగానే జవాబు రాశాడు. మూశాక ముట్టుకోకూడదన్నది మొదటి నియమం, నీ పరీక్ష ప్రోగ్రాము రెండుసార్లు మూస్తోంది, తప్పు మూసినవాడిది, ప్రతి తెలివితక్కువ పనికీ నేను కాపలా కాయలేను. నియమం పాటించి కూడా ఇందులో పడ్డ ప్రోగ్రాము ఒక్కటి చూపించు, ఆ రోజే సరిచేస్తాను. ఆయన జవాబు కింద ఊరూ పేరూ లేని వాళ్లు పదిమంది చేరి ఎవరికి తోచింది వాళ్లు రాశారు, రెండుసార్లు మూసేవాడికి కంప్యూటరెందుకని ఒకడు, పేరు కోసం పాకులాడుతోందని ఇంకొకడు. తన పేరు పక్కన వివాదం ఉందని ఒక చీటీ తగిలించారు. పోనీ ఆయన అడిగింది అన్యాయమా? కాదే. న్యాయమైన మాటే. అదే బాధ. మొదటిసారి కూలినప్పుడు తన పరీక్ష ప్రోగ్రాము లేనే లేదు, ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఫోటోలు చూసుకునే మామూలు ప్రోగ్రాము అది, అందరూ వాడేదే, మూస్తుంటే కూలింది. ఎందుకబ్బా అని తవ్వుకుంటూ పోతే ఈ లైబ్రరీ గుమ్మంలో తేలింది. తర్వాత ఎంత గింజుకున్నా మళ్లీ కూలలేదు, దయ్యం పట్టి వదిలినట్టు నిమ్మళంగా నడిచింది. అందుకే చేతులు ఊరుకోక, కావాలని రెండుసార్లు మూసే ప్రోగ్రాము తనే రాసి చూపించింది, అక్కడే దొరికిపోయింది. టెక్కలి కాలేజీలో ప్రాక్టికల్స్ రోజున కూడా ఇంతే, ఇంటి దగ్గర నడిచింది అక్కడ నడవదు, సార్ వెనక నిలబడి ఊఁ ఏదీ అంటుంటే చెవులు వేడెక్కేవి, ఇప్పుడూ చెవులు వేడెక్కుతున్నాయి.

బస్సు గతుకుల్లో పడింది, పక్కావిడ స్టీలు క్యారేజీ నిస్సీ మోకాలికి తగిలింది. ఏటీ అనుకోకమ్మా, అందావిడ. కోటబొమ్మాళి నుంచట, పేరు సూర్యకుమారి, అక్కకి మనవరాలు పుట్టింది, చూడ్డానికి వెళ్తోంది, ఈ దారి ఎప్పుడూ రాలేదు. మూడు కొబ్బర్ల కాడ దిగమన్నాది మా అప్ప, నీకు తెలుసా? తెలుసండీ, కండక్టరు పిలుస్తాడు, అంది నిస్సీ, కళ్లు బయటే పెట్టి. రెండు పక్కలా జీడితోటలు. ఎర్రమట్టి, ఇసుక, తుఫాను తర్వాత వేసిన మొక్కలు, ఇప్పుడిప్పుడే నీడనిస్తున్నాయి. తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి నాన్న గోడకి వీపు ఆనించి పాడుతూనే ఉన్నాడు, బయట ఏం కూలుతోందో పిల్లకి వినపడకూడదని, గొంతు పోయేదాకా. తెల్లారి చూస్తే కొబ్బరితోట తోటంతా తల వంచి పడుకుంది. నాన్న జక్కయ్య ఆ రోజు ఏడవలేదు, మర్నాడూ ఏడవలేదు, ఆదివారం ప్రార్థనలో పాట ఎత్తుకోబోయి మధ్యలో ఆగిపోయాడు, సంఘమంతా అందుకుని పాడింది, అప్పుడు ఏడ్చాడు.

ఆ తర్వాతే ఆయనకి పాటల పిచ్చి పట్టింది. పాత వరసలు తెలిసిన ముసలమ్మలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారని, ఊరూరూ తిరిగి ఒక్కొక్కళ్లని కూర్చోబెట్టి ఫోనులో వీడియో తీసుకుంటాడు. బారువ దాకా వెళ్లొచ్చాడు ఒక పాట కోసం, ఆవిడకి పల్లవి తప్ప ఏమీ గుర్తు లేదు, ఆ పల్లవే తెచ్చుకున్నాడు మహా సంబరంగా. ఫోను నిండిపోయింది. ఒకరోజు మెల్లిగా వచ్చి, ఇందులో సోటుంతాదా అమ్మా, అని ల్యాప్‌టాప్ చూపించాడు, ఎవరింటికో వెళ్లి అరుగు మీద కాసేపు కూర్చోవచ్చా అని అడిగినట్టు. బోలెడుంది నాన్నా అంది తను. బోలెడేం లేదు, ఆ ముసలమ్మలంతా ఒక్కసారి దిగేసరికి కిక్కిరిసిపోయింది, చోటు లేదు చోటు లేదని మెషీను మొత్తుకుంది, ఆ గొడవలో ఏదేదో మూసుకుపోయింది. నాన్న ముఖం చిన్నబోయింది, నానే పాడుసేసీసినానా అని. లేదు నాన్నా అని చెప్పి పాటలన్నీ చిన్న పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చింది. అప్పట్నుంచి అది ఆయన చొక్కా జేబులోనే, కళ్లద్దాల పక్కన. ల్యాప్‌టాప్ మళ్లీ ముట్టుకోలేదు, దాని పక్కనుంచి వెళ్లేటప్పుడు కూడా కాస్త ఒదిగి వెళ్తాడు. అలా ఒదగకు నాన్నా అని ఎలా చెప్పడం? ఆలోచన ఎక్కడికో పోయింది, ఏమిటి తను ఆలోచిస్తోంది, సాయంత్రం, నిరూపించడమో వెనక్కి తీసుకోవడమో. ఫోను తీసింది. సిగ్నల్ లేదు. పెట్టేసింది.

"మూడు కొబ్బర్లు! మూడు కొబ్బర్లోయ్!" కండక్టరు తవిటయ్య తలుపు మీద చరిచాడు. ఇద్దరు దిగారు. సూర్యకుమారి కిటికీలోంచి మెడ చాచి చూసి మళ్లీ సర్దుకుని కూర్చుంది. బస్సు కదిలింది. కదిలి, చెరువు మలుపు తిరిగి, రొయ్యల గుంటల గట్టు దాటాక, రోడ్డు పక్కన ఎవరో కొత్తగా వేసిన చెట్లు, నిజంగానే మూడు, నవనవలాడుతూ కనిపించాయి, ఆవిడ క్యారేజీ ఎత్తుకుని లేచింది, బాబూ ఆపు ఆపు, ఇదే! తవిటయ్యకి చిర్రెత్తుకొచ్చింది. "ఇదేటమ్మా, మూడు కొబ్బర్లు ఎనక్కి పోనాది. అంత గట్టిగా అరిసినాను, ఇనపడనేదా?"

"ఇన్నాను బాబూ. అక్కడ సెట్లేవి? ఒక్కటీ నేదు, టవరుంది."

"సెట్లు తుఫానులో ఎలిపోనాయమ్మా. పోలయ్య తోటవి. ఎప్పుడో పోనాయి."

బస్సంతా నవ్వింది. నిస్సీ కూడా నవ్వింది, పాపం కొత్త మనిషి అనుకుంది. నిజమే మరి, ఆ మూడు చెట్లు పడిపోయి ఎన్నాళ్లయినా ఎవరూ ఆ పేరు మానలేదు. పెళ్లి శుభలేఖ పంచడానికి వచ్చినవాడికీ అదే గుర్తు చెప్తారు, గ్యాసు బండి వాడికీ అదే చెప్తారు, చెప్పేవాళ్లకి ఆ చెట్లు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి, కొమ్మల్లో గాలి కూడా వినపడుతుంది కాబోలు. చేపల గంప మనిషి వెనక్కి తిరిగి, కండక్టరు అరిసినప్పుడు దిగాల గదా, తప్పు నీదే, అంది. అవును, అరిసినప్పుడు దిగడమే పద్ధతి, అన్నారెవరో. పిలిచినా దిగనోళ్లకి ఎవులేటి సేత్తారు, అన్నాడు ఇంకొకాయన. ఇంతమంది ఒక్కసారి మీద పడేసరికి సూర్యకుమారి ముఖం ఎర్రబడింది, క్యారేజీని కడుపుకి అదుముకుంది, కానీ కూర్చోలేదు.

"నాదెలగ తప్పు? దారి నాకు తెలీదు, ఆయనకి తెలుసు. తెలిసినాయన నేని సెట్ల పేరు సెప్పి దిగమంతే, ఉన్న సెట్లు సూసి దిగుతాను. ఇంకేటి సెయ్యాల నాను?"

నిస్సీ నవ్వు సగంలో ఆగింది. రెండుసార్లు మూసేవాడికి కంప్యూటరెందుకు. పిలిచినా దిగనోళ్లకి ఎవులేటి సేత్తారు. అదే మాట, అదే నవ్వు, ఆ నవ్వులో ఇంతకుముందు తనూ ఉంది. ఈవిడ ఏ నియమం తప్పింది? అడిగింది, విన్నది, చెప్పిన గుర్తు కోసం చూసింది, కనపడ్డాకే లేచింది. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పింది ఆయన, దారి తెలిసిన ఆయన. మరి ఆ ఫోటోల ప్రోగ్రాము? అందరూ వాడే ప్రోగ్రాము, రాసినవాళ్లు తెలివితక్కువ వాళ్లు కాదు, రెండోసారి ఎందుకు మూసింది? ఊరికే మూయదు. ఎవరో ఇంకా మూయలేదని చెబితే మూస్తుంది. ఎవరు చెప్తారు? లైబ్రరీయే. మూయమంటే అది చోటు తిరిగి ఇచ్చేసి, ఆఖరి రాతలు డిస్కులోకి ఎక్కించబోయి, ఎక్కించలేక, అయ్యో కుదర్లేదు మళ్లీ ప్రయత్నించు అనేస్తే? చెట్టు పడిపోయాక చెట్టు పేరు పిలిచేస్తే? ప్రోగ్రాము పాపం విన్నది, మళ్లీ మూసింది, మర్యాదగా, చెప్పినట్టే. కానీ రాతలు ఎందుకు ఎక్కవు, ఎప్పుడు ఎక్కవు, మళ్లీ మళ్లీ చేసినా తనకెందుకు కూలలేదు, ఆ రోజు ఏముంది, ఆ తర్వాత ఏం లేదు? ఆ రోజు, నాన్న పాటలు ఎక్కిన రోజు, డిస్కులో చోటు లేదు. చోటు లేదు చోటు లేదని మొత్తుకుంది. ముసలమ్మలు. బారువ పల్లవి. తను అవన్నీ తీసేసి శుభ్రం చేసి, బోలెడు చోటున్న మెషీనులో కూర్చుని నెల పొడవునా తప్పు కోసం వెతికింది. దయ్యాన్ని తనే చీపురుతో తుడిచి బయట పారేసి, ఏదీ దయ్యం, అని అడిగింది. నాన్నా, ఓ నాన్నా! ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి ఏదో శబ్దం వచ్చింది, చేపల గంప మనిషి మళ్లీ వెనక్కి తిరిగి చూసింది, చూడనీ.

"ఆవిడ చెప్పింది రైటే మావా," అంది గట్టిగా, తను అంటోందని తనకే తెలియకుండా. తవిటయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "నువ్వూ ఈ ఊరి పిల్లవే గదే, నీకు తెలీదా?" "నాకు తెలుసు. ఆవిడకెలా తెలుస్తాది?" ఆయన డ్రైవరు వైపు చూశాడు, ఎనక్కి ఎల్దామా బాబూ అన్నాడు కాస్త సిగ్గుగా. రొయ్యల గుంటల గట్టు మీదుగా బస్సు మెల్లిగా వెనక్కి నడిచింది, తవిటయ్య దిగి వెనక నడుస్తూ రానీ రానీ అని చరుస్తున్నాడు, ఎవరూ విసుక్కోలేదు, వెనక్కి వెళ్లే బస్సులో కూర్చోవడం పిల్లలకీ పెద్దలకీ ఒకేలా సరదా. టవరు దగ్గర సూర్యకుమారి దిగుతుంటే ఆయనే క్యారేజీ అందుకున్నాడు. రేపట్నుంచి టవరు కాడ అనే అరుత్తానులే అన్నాడు. అరుస్తాడో లేదో. అరుస్తాడు. ఈ మనిషి అరుస్తాడనిపించింది నిస్సీకి, చలి దేశంలోని పెద్దాయన కూడా అన్నమాట నిలబెట్టుకుంటాడనిపించింది. ఆయనకీ చెట్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి, అంతే కదా.

టవరు పుణ్యమా అని ఫోనులో సిగ్నల్ వచ్చింది. నాన్న వెంటనే ఎత్తాడు. పాటలు జేబులో ఉన్నాయా నాన్నా? ఉన్నాయమ్మా, ఏటైంది? ల్యాప్‌టాప్‌లో మళ్లీ ఎక్కించు. వొద్దమ్మా, మొన్న నిండిపోయి పాడైపోనాది గదా. నిండిపోవాలి నాన్నా, నాకు అదే కావాలి. ఎన్ని ఎక్కించమంతావు? అన్నీ. అన్నీ సరిపోవేమోనమ్మా. సరిపోకూడదు నాన్నా, అంది, తన గొంతు తనకే కొత్తగా వినపడింది. ఆయన ఇంకేం అడగలేదు. ఎప్పుడూ అడగడు, కూతురు చెప్పిందంటే ఏదో ఉండే ఉంటుంది అనుకుంటాడు. అలా తనని నమ్మే మనిషి ఒకడు ఈ మధ్యంతా ఇంట్లోనే, ఒదిగి ఒదిగి నడుస్తూ ఉన్నాడు. బస్సు మళ్లీ చెరువు మలుపు తిరిగింది, ఆ కొత్త చెట్లు మూడూ మళ్లీ వచ్చాయి, ఈసారి వాటినెవరూ ఏమీ అనలేదు. గాలి ఉప్పగా తగిలింది. ఇంకాసేపట్లో సముద్రం కనిపిస్తుంది. కూలకపోతే? కూలకపోతే మళ్లీ వెతుకుతుంది, వెనక్కి మాత్రం తీసుకోదు, యుగంధర్ గారికి ఆ మాటే చెబుతుంది, సరేనండీ అనదు. కానీ కూలుతుంది. కూలాలి. ప్రభువా, ఒక్కసారి కూలనీ, అనుకుంది, ఇలాంటి ప్రార్థన వాళ్ల సంఘంలో ఇంతవరకు ఎవరూ చేసి ఉండరు.

ఊరి మొదట్లో ఉండగా నాన్నే ఫోను చేశాడు. సోటు నేదంతన్నాదమ్మా. ఫోటోలది తెరువు నాన్నా, ఏదో ఒక ఫోటో పక్కకి తిప్పు, సేవ్ నొక్కు, ఇప్పుడు మూసెయ్యి. మూసీనాను. ఆగు. ఏదో ఇంగిలీసులో రాసింది, ట్రయింగ్ ఎగైన్ అంతన్నాది. తర్వాత నాన్నా? తర్వాతేటి. ఏటీ నేదు, ఎలిపోనాది. మొత్తం ఎలిపోనాది అమ్మా.

"మళ్లీ నానే పాడుసేసీసినానా?"

"లేదు నాన్నా," అంది నిస్సీ, బస్సులో అందరూ వింటుండగా, కళ్లు తుడుచుకోకుండానే, "బాగుచేశావు."